ప్రాథమిక పాఠశాలలో క్రమశిక్షణ: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

విజయనగరమునకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున, నెల్లిమర్ల మండలమున ఉన్న రామతీర్థమునకు శ్రీరామనవమికిని, శివరాత్రికిని వేలకొలది యాత్రికులు వచ్చుచుందురు. దేవాలయమును దర్శించి వారు తిరిగి పోవుదురు. ఆ సమీపముననే ఉన్న గురుభక్తులకొండను ఎక్కి చూచువారు మాత్రము తక్కువ. గత శతాబ్ది ఆరంభ దశలో పురావస్తు శాఖాధికారి అలెగ్జాండర్ రీ ఈ కొండమీదను, దుర్గకొండమీదను త్రవ్వకములు జరిపించగా ఇటుకలతో కట్టిన బౌద్ధ చైత్యములును, భిక్షువులు నివసించిన విహారముల పునాదులును బయల్పడినవి. విహారమనగా నివాసము మాత్రమే కాదు, ఆ కాలమున చదువు చెప్పిన చోటు కూడ అదియే. దుర్గకొండ గుహలో తూర్పు చాళుక్యరాజు విమలాదిత్యుని కాలపు శాసనమొకటి కలదు. అది 11వ శతాబ్ది ఆరంభమునకు చెందినది. అందు త్రికాలయోగి సిద్ధాంతదేవుడను జైనాచార్యుడు పేర్కొనబడినాడు. అనగా ఈ గ్రామము చుట్టునున్న కొండలు గురుశిష్యుల సంబంధమును వేయి సంవత్సరములకు పైగా ఎరిగియున్నవి.

కొండ పేరు గురుభక్తులదే అయినను, బౌద్ధసంఘపు నియమములు శిష్యునికి మాత్రమే విధింపబడినవి కావు. ఆ నియమముల గ్రంథమునకు వినయపిటకమని పేరు. మన వాడుకలో వినయమనగా అణకువ. ఆ గ్రంథమున వినయమనగా శిక్షణ. ఆచార్యునికి శిష్యుడు చేయవలసిన పనులు అందెన్ని చెప్పబడినవో, శిష్యునికి ఆచార్యుడు చేయవలసినవియు ఇంచుమించు అన్ని చెప్పబడినవి. శిష్యుడు జబ్బుపడినచో ఆచార్యుడే లేచి అతనికి పండ్లు తోముకొనుటకు పుల్లయు, నీరును తెచ్చి ఇయ్యవలెను. తప్పు చేసిన శిష్యుని పంపివేయుటకు ఆచార్యునికి అధికారము కలదు. కాని ఆ శిష్యుడు తిరిగి వచ్చి క్షమింపుమని కోరినపుడు క్షమింపకుండుట ఆచార్యునికి దోషమగును.

ఈ పాత సంగతిని ఇపుడు జ్ఞాపకము చేయుటకు కారణమున్నది. బడి ప్రసంగము వచ్చినపుడు గ్రామ సమావేశములలో తరచుగా వినవచ్చు మాట ఒకటి కలదు. “బెత్తము పోయిననాటి నుండి పిల్లలకు భయము పోయినది, భయము పోయిననాటి నుండి చదువు పోయినది” అని పెద్దలు అందురు. “మావాని చర్మము ఒలిచినను సరే, నాలుగక్షరములు నేర్పుడు” అని ఉపాధ్యాయునితో చెప్పి వచ్చు తండ్రులు ఇప్పటికిని ఉన్నారు. ఇది పిల్లవానిపై ద్వేషముచేత చెప్పిన మాట కాదు, వాడు తనవలె కూలికి పోరాదను ఆశచేత చెప్పినది. అయినను ఆ మాట సరియైనదేనా? క్రమశిక్షణ అనగా పిల్లవాడు పాటించునదేనా, లేక బడియు గ్రామమును కూడ పాటింపవలసినదా? పంచాయతీ సభ్యులకు ఈ ప్రశ్న పరాయిది కాదు. రాజ్యాంగమునందలి 243-జి అధికరణము క్రిందను, 11వ షెడ్యూలు క్రిందను పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ప్రాథమిక విద్య కూడ చేరియున్నది.

వీధిబడి నాటి దండన

బెత్తము పాతకాలమున ఏమి సాధించినదో ముందు చూతము. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన రాష్ట్రమునందలి పాఠశాలల పరిస్థితి ఎట్లున్నదో తెలుపుడని జిల్లా కలెక్టర్లను కోరెను. బళ్లారి కలెక్టరుగా ఉన్న ఏ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక వానిలో ప్రసిద్ధమైనది. నేటి అనంతపురము ప్రాంతము నాడు బళ్లారి జిల్లాలోనే ఉండెడిది. ఆ జిల్లా మొత్తమున 533 బడులును, వానిలో 6,641 మంది పిల్లలును ఉన్నట్లు ఆయన లెక్కవేసెను.

ఆనాటి వీధిబడి దినచర్యను క్యాంప్‌బెల్ శ్రద్ధగా వర్ణించినాడు. ఉదయమున అందరికంటె ముందుగా వచ్చిన బాలుని అరచేతిలో గౌరవసూచకముగా సరస్వతి పేరు వ్రాసెడివారట. రెండవవాని చేతిలో సున్న చుట్టెడివారు. వానికి పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదని అర్థము. మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి ఎక్కువ. బడికి ముప్పదిమంది పిల్లలున్నచో, ఎంత తెల్లవారుజామున లేచినను ఎవడో ఒకడు చివరివాడు కాక తప్పదు గదా! తప్పు లేకున్నను దెబ్బ తప్పని ఏర్పాటు అది. చదువులో సోమరితనము చూపినవానిని కొట్టుటయే గాక, రెండు చేతులును కట్టి పైకప్పునకు వ్రేలాడదీసెడివారని కూడ ఆయన వ్రాసినాడు. దీనినే మనవారు కోదండము వేయుట అనెడివారు. ఎడతెగక కూర్చుండి లేచు శిక్షయు చెప్పబడినది. అది నేటికిని మనమెరిగిన గుంజీళ్ళే.

ఆ బడులలో మంచి లేకపోలేదు. ముందు నేర్చినవాడు వెనుకటివానికి నేర్పుటను, ఆ విధమున తన చదువును తాను గట్టిపరచుకొనుటను క్యాంప్‌బెల్ మెచ్చుకొనెను. అదియు ఒక క్రమశిక్షణయే. దానికి బెత్తముతో పనిలేదు. ఇక బడికి రానివారి విషయమున ఆయన చెప్పిన కారణము మనము గుర్తుంచుకొనదగినది. పేదరికము పెరుగుటచేత తల్లిదండ్రులు పిల్లలను లేబ్రాయముననే పనికి పెట్టుచున్నారనియు, అందువలన బడి మానిపించుచున్నారనియు ఆయన వ్రాసెను. కోదండము భయమున్నంత మాత్రమున జిల్లాలోని పిల్లలందరు బడిలో కూర్చుండలేదు. కూర్చున్నవారు కొద్దిమంది మాత్రమే.

“మొక్కయై వంగనిది మానై వంగునా” అను సామెతను దండనకు సమర్థనగా చెప్పువారు కలరు. తోట వేసిన రైతు నడిగినచో నిజము తెలియును. మొక్కను ఎవరును కొట్టి వంచరు. ప్రక్కన కర్ర పాతి, మెత్తని నారతో కట్టి, పశువులు తినకుండ కంచె వేయుదురు.

చట్టము చెప్పునది

ఆంధ్రప్రదేశ్‌లో 1966 నాటి విద్యా నియమావళిలో 122వ నియమము బడిలో దండనకు సంబంధించినది. 2002 ఫిబ్రవరి 18వ తేదీన ప్రభుత్వము జారీచేసిన 16వ నంబరు ఉత్తరువు దానిని సవరించి, శారీరక దండనను నిషేధించినది. తరువాత పార్లమెంటు చేసిన 2009 నాటి బాలల ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. 6 ఏండ్ల నుండి 14 ఏండ్ల వరకు గల ప్రతి బాలునికి, బాలికకు ఇది వర్తించును. దీని 17వ సెక్షను ప్రకారము ఏ బిడ్డను గాని శరీరమున దండింపరాదు, మనసున వేధింపరాదు. అట్లు చేసినవారు తమ ఉద్యోగ నియమముల ప్రకారము క్రమశిక్షణ చర్యకు పాత్రులగుదురు.

ఇందు “మనసున వేధించుట” అను మాటను సభ్యులు ప్రత్యేకముగా గమనింపవలెను. దెబ్బ కొట్టకున్నను, కులము పేరెత్తి తిట్టుట, తండ్రి త్రాగుబోతుతనమును తరగతిలో ఎత్తిపొడుచుట, చదువు రాని బాలికను అందరిచేత నవ్వించుట, ఇవన్నియు వేధింపులే. గోడకుర్చీ వేయించుట, మోకాళ్ళపై నిలువబెట్టుట, ఎండలో నిలుపుట, గదిలో పెట్టి గొళ్ళెము వేయుట వంటి వానిని బాలల హక్కుల పరిరక్షణ జాతీయ కమిషను దండన క్రిందనే లెక్కించుచున్నది.

అదే చట్టము 16వ సెక్షను ప్రకారము ప్రాథమిక విద్య, అనగా ఎనిమిదవ తరగతి పూర్తి యగువరకు, ఏ బిడ్డను బడినుండి వెళ్ళగొట్టరాదు. 2019లో వచ్చిన సవరణ 5వ, 8వ తరగతులలో పరీక్ష తప్పిన పిల్లలను ఆ తరగతిలోనే నిలుపుటకు ప్రభుత్వములకు అవకాశమిచ్చినది గాని, బడినుండి తొలగించుటకు మాత్రము ఈయలేదు. కావున “మీవానికి టి.సి. ఇచ్చి పంపుదుము” అను బెదిరింపు చెల్లదు. ఇట్టి చట్టము మనకు మాత్రమే వచ్చిన వింత కాదు. పోలెండు దేశము 1783లోనే బడులలో బెత్తమును నిషేధించెను. స్వీడను 1979లో ఇంటిలో కొట్టుటను కూడ నిషేధించెను. పిల్లల గౌరవమునకు భంగము లేని రీతిగా బడి క్రమశిక్షణ ఉండవలెనని చెప్పిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికకు మన దేశము 1992లో అంగీకారము తెలిపినది.

ఉపాధ్యాయుల మాటయు వినవలెను

ఇంతవరకు చదివిన ఉపాధ్యాయునికి కష్టము కలుగవచ్చును. “బెత్తము తీసికొంటిరి, మంచిదే, దానికి బదులు ఏమిచ్చితిరి?” అని ఆయన అడుగును. ఈ ప్రశ్న న్యాయమైనది. ఒకే గదిలో రెండు మూడు తరగతుల పిల్లలను కూర్చుండబెట్టుకొని, ఒకరికి ఎక్కము చెప్పుచుండగా మరొకరు అల్లరి చేయకుండ చూచుట ఎంత కష్టమో ఒక్క పూట ఆ గదిలో కూర్చున్నవారికి తెలియును. చట్టము కూడ దీనిని గుర్తించినది. 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుండి 90 మంది వరకు ముగ్గురు ఉండవలెనని దాని షెడ్యూలు చెప్పుచున్నది. 1 నుండి 5 తరగతులకు సంవత్సరమునకు 200 పనిదినములు, 800 గంటల బోధన జరుగవలెను. జనాభా లెక్కలు, విపత్తుల సహాయము, ఎన్నికలు తప్ప ఇతరములైన పనులకు ఉపాధ్యాయుని పంపరాదని 27వ సెక్షను. ఇవి లోపించిన చోట పిల్లల అల్లరికి పిల్లలను తప్పుపట్టుట వృథా. ఏ పనియు లేక కూర్చుండబెట్టిన ఏడేండ్ల బిడ్డ అల్లరి చేయక ఏమి చేయును?

అట్లని ఉపాధ్యాయుని బాధ్యత తగ్గినదనుకొనరాదు. వేళకు వచ్చుట, క్రమముగా వచ్చుట, తల్లిదండ్రులతో సమావేశములు జరిపి పిల్లల హాజరును, చదువును వారికి తెలుపుట, ఇవన్నియు 24వ సెక్షను ఆయనకు విధించిన పనులు. పది గంటలకు వచ్చు ఉపాధ్యాయుడు తొమ్మిదింటికి రాలేదని పిల్లవానిని అడుగజాలడు. చరవాణిని చూచుచు కూర్చున్న పెద్దను చూచి పిల్లలు నేర్చుకొనునది నల్లబల్లమీద వ్రాసిన నీతివాక్యము కాదు. బడి నియమములు పెద్దలతో ఆరంభము కావలెననుటకు ఇంతకంటె వేరు కారణము అక్కరలేదు.

కొద్ది నియమములు, అందరికి తెలిసినవి

కొన్ని బడులలో గోడనిండ నియమములు వ్రాసి ఉండును. “చేయరాదు”, “కూడదు”, “నిషిద్ధము” అని ఇరువది పంక్తులు. రెండవ తరగతి పిల్లకు ఆ అక్షరములే రావు. నియమములు నాలుగైదు చాలును. అవి చేయవలసిన పనిని చెప్పవలెను గాని, చేయగూడని పనులను ఏకరువు పెట్టరాదు. వేళకు వత్తుము, ఒకరు మాటలాడునపుడు వినెదము, ఎవరిని కొట్టము, తిట్టము, తిన్న చోటు, కూర్చున్న చోటు శుభ్రము చేసెదము. ఈ పాటివి ఐదేండ్ల బిడ్డకును అర్థమగును. పాఠశాల తెరచిన మొదటి వారములో వీనిని పాఠమువలె నేర్పవలెను. భోజనమునకు వరుసలో నిలుచుట, చేతులు కడుగుకొనుట, పుస్తకములు సర్దుట అనునవి చెప్పినంతనే వచ్చునవి కావు, చేయించినచో వచ్చును. అక్షరము తప్పు వ్రాసినపుడు మరల వ్రాయించు ఓపిక, వరుస తప్పినపుడు మాత్రము ఏల ఉండరాదు?

నియమము పిల్లలకు తెలిసిన భాషలో ఉండవలెను. ఉత్తరాంధ్రలో ఈ మాటకు ప్రత్యేకమైన బరువున్నది. మన్యపు కొండలనుండి వచ్చిన సవర బిడ్డ ఇంటిలో మాటలాడునది సవర భాష. ఉపాధ్యాయుడు తెలుగులో అడిగిన ప్రశ్నకు బదులీయక నిలుచున్న ఆ బిడ్డను మొండివాడని దండించుట సులభము. వానికి ప్రశ్న అర్థము కాలేదని గ్రహించుట కష్టము. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు (1863-1940) నూరేండ్లకు పూర్వమే ఆ కష్టమును పడిరి. తాము సవర భాషను నేర్చి, అందు పుస్తకములు వ్రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించిరి. సవర వరకు పోనక్కరలేదు. మైదాన గ్రామములలోని పిల్లలు ఇంటి మాటను బడిలో పలికినపుడు నవ్వి సరిదిద్దుటకంటె, ఆ మాటను ఒప్పుకొని ప్రక్కన పుస్తకపు మాటను నేర్పుట మేలు. నోరు తెరచుటకు భయపడిన తరగతి నిశ్శబ్దముగా ఉండును. దానిని క్రమశిక్షణ అనుకొని మెచ్చుకొనుచు పోయిన తనిఖీదారులు ఏ కాలమునందైనను కలరు.

తప్పు జరిగినపుడు ఏమి చేయవలెను? పరిహారము ఆ తప్పునకు సంబంధించినదై ఉండవలెను. నీరు పారబోసినవాడు తుడువవలెను. తోటివాని పలక పగులగొట్టినవాడు తన పలకను వానితో పంచుకొని వ్రాసికొనవలెను. కొట్టినవాడు, దెబ్బ తిన్నవాడు ఇద్దరు వేరుగా కూర్చుండి జరిగినది చెప్పవలెను. తరువాత కొట్టినవాడు ఆ రోజు మరియొకనికి ఏ సహాయము చేయునో తానే చెప్పవలెను. మందలింపు అందరి ముందు కాక, ప్రక్కకు పిలిచి చేయవలెను. భోజనము మానిపించుట, ఆట పూర్తిగా ఆపించుట, గేటు బయట నిలుపుట ఎన్నడును పరిహారములు కావు. ఇంకొక అలవాటు కూడ మానదగినది. అల్లరి చేయువారి పేర్లు వ్రాయుమని క్లాసు లీడరు చేతికి సుద్దముక్క, అప్పుడప్పుడు కర్రయు ఇచ్చి ఉపాధ్యాయుడు బయటకు పోవుట కొన్ని బడులలో కలదు. పదేండ్ల బాలునికి అధికారమిచ్చి బాధ్యత నేర్పకున్నచో వాడు నేర్చునది స్నేహితుల పేర్లు విడిచి, పగవారి పేర్లు వ్రాయుటయే. నాయకత్వము వారమునకొకరికి వంతుగా రావలెను; బాలికలకును రావలెను.

ఆలస్యముగా వచ్చు పిల్లవాడు

ఒక ఉదాహరణము తీసికొందము. మూడవ తరగతి బాలుడు వారములో నాలుగు దినములు అరగంట ఆలస్యముగా వచ్చుచున్నాడనుకొనుడు. పాత పద్ధతిలో వానికి రోజునకు రెండు దెబ్బలు. కొంతకాలమునకు వాడు ఆలస్యముగా వచ్చుట మానును. బడికి వచ్చుటయే మానును. ఆ పిమ్మట వాని పేరు హాజరుపట్టీలో ఎఱ్ఱసిరాతో గీయబడును.

అదే బాలుని ఇంటికి ఒక సభ్యుడో, ఉపాధ్యాయుడో వెళ్ళి విచారించెననుకొనుడు. తల్లి తెల్లవారకమునుపే కూలికి పోవుచున్నది. తండ్రి వలసపోయినాడు. రెండేండ్ల చెల్లెలిని అంగన్వాడీకి అప్పగించిన తరువాత గాని వాడు బయలుదేరలేడు. అంగన్వాడీ తలుపు బడి గంట కొట్టిన తరువాత తెరచుచున్నారు. ఇందు పిల్లవాని తప్పు ఏమున్నది? అంగన్వాడీని బడికంటె అరగంట ముందు తెరపించుట పిల్లవానివలన అగునా, పంచాయతీవలన అగునా? ఒక సభ్యురాలు అంగన్వాడీ కార్యకర్తతో మాటలాడినచో తీరిపోవు పనికి సంవత్సరము పొడుగున ఒక బిడ్డ వీపు చెల్లింపు చేయుచున్నది.

అన్ని ఆలస్యములు ఇట్టివే కావు. రాత్రి పొద్దుపోవువరకు టెలివిజను, చరవాణి చూచి లేవలేని పిల్లలు కలరు. అచ్చట మాటలాడవలసినది తల్లిదండ్రులతో. రాజ్యాంగము 51-ఎ అధికరణము (కె) ఖండములో, 6 నుండి 14 ఏండ్ల బిడ్డకు చదువుకొను అవకాశము కల్పించుట తల్లిదండ్రుల ప్రాథమిక విధిగా 2002 సవరణ ద్వారా చేర్చబడినది. “ఉపాధ్యాయుడు చూచుకొనును” అని చేతులు దులుపుకొనుటకు వీలులేదు.

బడి గోడ బయట

ఇక పంచాయతీకి పూర్తిగా చెందిన పని. బడి ప్రాంగణములో ధాన్యము ఆరబోయుట, వరండా స్తంభమునకు పశువును కట్టుట, సాయంకాలము తరువాత అక్కడ పేకాట ఆడుట, సీసాలు పారవేసి పోవుట మన గ్రామములలో వినని సంగతులు కావు. ఉదయమున వచ్చిన పిల్లలు ముందుగా ఏరివేయునది ఆ గాజుపెంకులనే. “పరిసరముల పరిశుభ్రత” అను పాఠము ఆ తరువాత. ప్రహరీగోడ, తలుపునకు తాళము, తాళముచెవి ఎవరియొద్ద ఉండవలెనను నిర్ణయము, ఇవి చిన్న విషయములుగా కనిపించును గాని, బడియందు గౌరవము పిల్లలకు ఇచ్చటనే పుట్టును, ఇచ్చటనే పోవును.

2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టము ప్రకారము విద్యాసంస్థకు 100 గజముల లోపల సిగరెట్లు, బీడీలు, గుట్కాలు మొదలగు పొగాకు వస్తువులు అమ్మరాదు. 18 ఏండ్ల లోపువారికి ఎచ్చటను అమ్మరాదు. బడి ఎదుటి బడ్డీకొట్టులో వ్రేలాడు పొట్లములను చూచి నడచువారు ఎందరో! దుకాణదారుడు మన ఊరివాడే, బ్రతుకు తెరువు కొరకు పెట్టుకొన్నాడు. కావున తగవు పెట్టుకొనుటకు ఎవరును ఇష్టపడరు. బలపములు, పుస్తకములు, పల్లీపట్టి అమ్ముకొనుమని నచ్చజెప్పుటకు సర్పంచికంటె తగినవారెవరు?

రామతీర్థమువంటి యాత్రాస్థలములకు వేరొక చిక్కు కలదు. ఉత్సవ దినములలో అంగళ్ళు వెలయును. కొబ్బరికాయలు, పూలు, బొమ్మలు అమ్ము చోట చిన్న చేతుల సాయము కావలసివచ్చును. రెండు మూడు రోజులు బడి మానిన పిల్లవాడు చేతిలో నాలుగు రూపాయలు చూచినపిదప తిరిగి పలక పట్టుటకు వెనుకాడును. 2016 సవరణతో బాలకార్మిక చట్టము 14 ఏండ్ల లోపు పిల్లలను ఏ పనియందును కూలికి పెట్టరాదని నిషేధించినది. సొంత కుటుంబమునకు సాయపడుటకు మాత్రము బడి వేళల తరువాతను, సెలవులలోను అనుమతించినది. అంగళ్ళకు స్థలము కేటాయించు సమయముననే ఈ నిబంధనను చదివి వినిపించవచ్చును. మైకులు కూడ బడి వేళలలో తగ్గించి పెట్టుమని ఉత్సవము జరుపు పెద్దలను కోరవచ్చును. దేవుని పాట వినిపించరాదని కాదు. పంతులమ్మ గొంతు కూడ వినిపించవలెనని.

పంక్తిలో భేదము

ఒక విషయము చెప్పక తప్పదు. బడిలో ఎవరు ఊడ్చుచున్నారు, ఎవరు నీరు తెచ్చుచున్నారు, మధ్యాహ్న భోజనమునకు ఎవరు ఎవరి ప్రక్కన కూర్చుండుచున్నారు అని సభ్యులు ఒక పూట ఊరక నిలిచి చూడవలెను. ఊడ్చుట తప్పుపని కాదు. కాని అది ఎల్లపుడు ఒక వాడనుండి వచ్చిన పిల్లలకే, లేదా ఆడపిల్లలకే వచ్చుచున్నచో అది క్రమశిక్షణ పేర జరుగు అవమానము. వంతుల పట్టిక వ్రాసి గోడకు అంటించినచో ఈ భేదము దాగదు. మరుగుదొడ్లు కడుగుట పిల్లలకు శిక్షగా గాని, సేవగా గాని పెట్టరాదు. రాజ్యాంగము 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. విద్యా హక్కు చట్టము బలహీనవర్గముల పిల్లలకు వివక్ష జరుగకుండ చూచు బాధ్యతను 9వ సెక్షను క్రింద స్థానిక సంస్థపైననే ఉంచినది. ఐదేండ్ల వయసున పంక్తిలో ఒకరి ప్రక్కన ఒకరు కూర్చున్న పిల్లలకు తరువాత సమభావమును గూర్చి ఉపన్యాసము చెప్పనక్కరలేదు.

ఫిర్యాదు వచ్చినపుడు

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఒకనాడు చేతిమీద వాతలతో ఒక బిడ్డ ఇంటికి రావచ్చును. అట్టివేళ గ్రామములలో రెండు విధములైన పొరపాట్లు జరుగుచున్నవి. ఒకటి, పదిమంది గుంపుగా బడిమీదికి పోయి పిల్లల ఎదుటనే ఉపాధ్యాయుని దుర్భాషలాడుట. కొట్టరాదని నేర్పుటకు కొట్టబోవుట ఎట్టి నీతి? రెండవది, “మన ఊరి పంతులు, పోనిండు” అని పెద్దమనుషులు సర్దివేయుట, ఆ బిడ్డ చేతనే క్షమాపణ చెప్పించుట. మొదటిదానిలో ఉపాధ్యాయునికి న్యాయము జరుగదు, రెండవదానిలో బిడ్డకు జరుగదు.

చట్టము చూపిన త్రోవ వేరు. 21వ సెక్షను ప్రకారము ప్రభుత్వ పాఠశాలలలో యాజమాన్య కమిటీ ఉండవలెను. అందు మూడు వంతులు, అనగా నాలుగింట మూడు పాళ్ళు, తల్లిదండ్రులో సంరక్షకులో కావలెను. మొత్తములో సగము స్త్రీలు కావలెను. వెనుకబడిన, బలహీనవర్గముల పిల్లల తల్లిదండ్రులకు తగు పాళ్ళలో స్థానముండవలెను. స్థానిక సంస్థ ప్రతినిధులును, ఉపాధ్యాయులును అందు ఉందురు. చిన్న విషయములు ఆ కమిటీలో, ఇరువైపుల మాట విని తీరవలెను. ముందు బిడ్డను వైద్యునికి చూపవలెను. జరిగినది తేదీతో వ్రాసి ఉంచవలెను. బిడ్డను పదేపదే ప్రశ్నించక, తల్లి ఎదుట ఒక్కసారి మెల్లగా అడుగవలెను.

అంతటితో తీరని పక్షమున 32వ సెక్షను క్రింద స్థానిక సంస్థకు వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవచ్చును. ఇరుపక్షములకు చెప్పుకొను అవకాశమిచ్చి మూడు నెలలలో దానిని పరిష్కరింపవలెను. ఆ నిర్ణయము నచ్చనివారు రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషనుకు అప్పీలు చేసికొనవచ్చును. బిడ్డకు ప్రమాదము కలుగునట్లు తోచిన సమయమున వీనికై వేచియుండనక్కరలేదు. 1098 అను నంబరునకు ఎవరైనను, బిడ్డయైనను, ఏ వేళనైనను ఉచితముగా టెలిఫోను చేయవచ్చును. ఈ నంబరును బడి గోడమీద వ్రాయించునపుడు రంగులు వేయువానికి ఒక మాట చెప్పవలెను: పెద్దల కంటికి ఎదురుగా కాక, రెండవ తరగతి పిల్ల తల ఎత్తకుండ చదువుకొను ఎత్తున వ్రాయుమని.